గర్భంలో షుగర్: అన్నమా, రొట్టెలా, కొర్రలా? దేన్ని ఎలా ఎంచుకోవాలి

గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసిన టెస్టులో షుగర్ ఎక్కువ వచ్చిందని తెలిసిన రోజు నుంచే సలహాలు మొదలవుతాయి. అత్తగారు అన్నం మానేసి రెండు పూటలా జొన్న రొట్టె తినమంటారు. అమ్మ రోజూ పొద్దున్నే రాగి జావ తాగమంటుంది. పక్కింటావిడ కొర్రలంటుంది, ఆఫీసులో ఓట్స్ అంటారు. ఫోన్‌లో వెతికితే ప్రతి తిండి పక్కనా గ్లైసీమిక్ ఇండెక్స్ అని ఒక అంకె కనిపిస్తుంది, అదీ ఒక్కోచోట ఒక్కోలా. ఏది పట్టుకోవాలో తెలియక చాలామంది టెన్షన్‌తో మొత్తం తిండే తగ్గించేస్తారు. గర్భిణి చేయకూడని పని అదే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ గింజ తింటున్నాం అన్నదానికన్నా ఎంత తింటున్నాం, దేంతో కలిపి తింటున్నాం, ఏ పూట తింటున్నాం అన్నవే ఎక్కువ తేడా తెస్తాయి. చాలామందికి అన్నం పూర్తిగా మానాల్సిన అవసరం రాదు. మనం అన్నం తినే తీరు మాత్రం మారాలి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

గ్లైసీమిక్ ఇండెక్స్. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చిన లెక్క ఇది. పిండిపదార్థం సమానంగా ఉండేలా వేర్వేరు ఆహారాలు తినిపించి, ఆ తర్వాత రక్తంలో షుగర్ ఎంత పెరిగిందో కొలుస్తారు. గ్లూకోజ్‌ని 100గా తీసుకుని మిగతావాటిని దానితో పోలుస్తారు. 55 వరకు తక్కువ, 56 నుంచి 69 మధ్యస్థం, 70 ఆపైన ఎక్కువ. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. గింజ రకం, పాలిష్, పిండి ఎంత మెత్తగా పట్టించారు, ఎంతసేపు ఉడికించారు అన్నవాటిని బట్టి ఈ అంకె మారిపోతుంది. రాగులనే చూడండి. ఒక పాత భారతీయ పరీక్షలో వాటి విలువ 100 దాటింది. అదే చిరుధాన్యాల మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2021లో లెక్క వేస్తే రాగులతో సహా అన్ని చిరుధాన్యాల సగటు 53 దగ్గర తేలింది. అందుకే ఏ పట్టికలోని అంకెనైనా సూచనగా తీసుకోవాలి తప్ప తీర్పుగా కాదు.

మోతాదు. ఇండెక్స్‌ను మనం తిన్న పిండిపదార్థం గ్రాములతో గుణించి 100తో భాగిస్తే వచ్చేది గ్లైసీమిక్ లోడ్. ఈ చిన్న లెక్క చాలా భ్రమలు తొలగిస్తుంది. మామూలు తెల్లన్నం ఇండెక్స్ 72 అనుకుందాం, తక్కువ ఇండెక్స్ ఉన్న బియ్యానిది 51 అనుకుందాం. 40 గ్రాముల పిండిపదార్థం వచ్చేంత తింటే తెల్లన్నం లోడ్ 29, రెండోదానిది 20. తేడా బాగానే ఉంది. కానీ ‘ఇది షుగర్ వాళ్ల బియ్యమే కదా’ అని ఒకటిన్నర రెట్లు తింటే లోడ్ మళ్లీ 31కి చేరుతుంది. అదే తెల్లన్నాన్ని 25 గ్రాముల పిండిపదార్థానికి తగ్గిస్తే లోడ్ 18. అంటే కొలతలో తిన్న మామూలు అన్నం, కొలత లేకుండా తిన్న ఖరీదైన బియ్యం కన్నా మేలు.

తోడు. పప్పు, కూర, పెరుగు, గుడ్డు, చేప, కొద్దిగా నూనె లేదా నెయ్యి ఉంటే అదే అన్నం నెమ్మదిగా అరుగుతుంది. చింతపండు, నిమ్మ, పెరుగుల్లోని పులుపు కూడా కొంత సాయం చేస్తుంది. ముందు కూర, ప్రోటీన్ తిని అన్నం చివర్లో తింటే షుగర్ పెరుగుదల తగ్గుతుంది.

పూట. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. దానికి తోడు తెల్లవారుజామున శరీరంలో పెరిగే కార్టిసాల్ వంటి హార్మోన్ల వల్ల ఈ అడ్డు పొద్దున పూట ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం ఇబ్బంది పెట్టని తిండే పొద్దున ఇబ్బంది పెట్టవచ్చు. టిఫిన్ విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది ఇందుకే.

పోషణ, ఓపిక. షుగర్ అంకె ఒక్కటే లక్ష్యం కాదు. బిడ్డకు ఐరన్, కాల్షియం, ప్రోటీన్ అందాలి. గర్భంలో రోజుకు కనీసం 175 గ్రాముల పిండిపదార్థం కావాలన్నది సాధారణంగా పాటించే లెక్క. టిఫిన్‌లో 30, మధ్యాహ్నం 45, రాత్రి 45, మధ్యలో మూడుసార్లు 20 చొప్పున చిన్న తిండి అనుకుంటే 180 అవుతుంది. మీ బరువును, నెలను బట్టి డాక్టర్ లేదా డైటీషియన్ దీన్ని మార్చవచ్చు. మీరు ఎంచుకున్న తిండి కాన్పు వరకు విసుగు లేకుండా తినగలిగేదై ఉండాలి. వారం రోజులు పట్టుదలగా తిని వదిలేసే తిండి ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

చివరి కొలత మీ గ్లూకోమీటర్. సాధారణంగా పెట్టుకునే లక్ష్యాలు ఇవి: పరగడుపున 95 లోపు, తినడం మొదలుపెట్టిన గంటకు 140 లోపు లేదా రెండు గంటలకు 120 లోపు. మీ డాక్టర్ వేరే అంకె చెబితే అదే పాటించండి.

## ఇండెక్స్ తగ్గించడం నిజంగా పనిచేస్తుందా?

ఆస్ట్రేలియాలోని వోలాంగాంగ్‌లో గర్భంలో షుగర్ వచ్చిన 63 మందిపై చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. తక్కువ ఇండెక్స్ ఆహారం తిన్న 31 మందిలో 9 మందికి ఇన్సులిన్ అవసరమైంది. ఎక్కువ ఇండెక్స్ ఆహారం తిన్న రెండో గుంపులోని 32 మందిలో 19 మంది ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిన స్థాయికి వచ్చారు. ఆ 19 మందిని తక్కువ ఇండెక్స్ ఆహారానికి మార్చితే 9 మందికి ఇన్సులిన్ తప్పింది. ఆ తర్వాత సిడ్నీలో చేసిన మరో అధ్యయనంలో మాత్రం, పీచు బాగా ఉన్న మామూలు ఆహారంతో పోల్చినప్పుడు పుట్టిన బిడ్డ బరువు వంటి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఈ రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. పాలిష్ బియ్యం, మైదా, రవ్వ మీదే రోజు గడిచేవాళ్లకు మార్పు వల్ల లాభం ఎక్కువ. ఇప్పటికే పప్పు, కూరలు, ముడి ధాన్యాలు బాగా తినేవాళ్లకు ఇండెక్స్ వెంట పడటం వల్ల అదనంగా వచ్చేది తక్కువ. మన ఇళ్లలో ఎక్కువమంది మొదటి రకమే.

## ప్రధాన ఆహారం: పక్కపక్కన పెట్టి చూస్తే

కింది పట్టికలో మోతాదు అంటే దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం ఇచ్చేది. బరువులన్నీ వండకముందువి.

| ఆహారం | మోతాదు | ఇండెక్స్ తీరు | బలం | ఇబ్బంది |
|---|---|---|---|---|
| పాలిష్ బియ్యం | 50 గ్రా. | రకాన్ని బట్టి మధ్యస్థం నుంచి ఎక్కువ | అలవాటైన రుచి, తేలిగ్గా అరుగుతుంది | పీచు తక్కువ, మోతాదు దాటడం సులువు |
| తెలంగాణ సోనా | 50 గ్రా. | 51 దగ్గర | ఇంట్లో అందరికీ ఒకటే వంట | పిండిపదార్థం మాత్రం తగ్గదు |
| ఉప్పుడు బియ్యం | 50 గ్రా. | పచ్చి బియ్యం కన్నా తక్కువ | బి విటమిన్లు కొంత నిలుస్తాయి | వాసన, రుచి కొందరికి నచ్చవు |
| ముడి బియ్యం | 50 గ్రా. | ఎక్కువగా మధ్యస్థం | పీచు | నానబెట్టాలి, నమలాలి |
| కొర్రలు, సామలు, అరికెలు | 60 గ్రా. | తక్కువ నుంచి మధ్యస్థం | పీచు, త్వరగా కడుపు నిండుతుంది | కొందరికి గ్యాస్, ఉబ్బరం |
| జొన్న రొట్టె | 60 గ్రా. పిండి | పరీక్షను బట్టి బాగా మారుతుంది | లెక్కపెట్టి తినవచ్చు | చేయడానికి చెయ్యి తిరగాలి |
| గోధుమ పుల్కా | 60 గ్రా. పిండి, చిన్నవి 3 | తక్కువ నుంచి మధ్యస్థం | లెక్క సులువు, ఎక్కడైనా దొరుకుతుంది | మెత్తటి తెల్లపిండైతే లాభం పోతుంది |
| రాగి సంకటి | 60 గ్రా. పిండి | మధ్యస్థం నుంచి ఎక్కువ | కాల్షియం | మెత్తటి పిండి కాబట్టి మోతాదు ముఖ్యం |

మోతాదు వరుసను మళ్లీ చూడండి. 50 గ్రాముల బియ్యం, 60 గ్రాముల కొర్రలు, 60 గ్రాముల జొన్నపిండి ఇచ్చే పిండిపదార్థం ఒకటే. గింజ మార్చగానే కడుపునిండా తినవచ్చన్న నమ్మకానికి ఆధారం లేదు.

### అన్నం

మన భోజనంలో అసలు చిక్కు అన్నం రకంలో కన్నా వడ్డనలో ఉంది. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, చారులోకి ఇంకోసారి, చివర పెరుగులోకి మళ్లీ. ప్రతిసారీ కొంచెమే పెట్టుకున్నట్టు అనిపిస్తుంది కానీ మొత్తం కలిపితే పిండిపదార్థం 100 గ్రాములు దాటడం పెద్ద విషయమేమీ కాదు. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడుతుంది. అందులో మూడో వంతు మీ ఒక పూట వాటా. ఈ లెక్క ఒక్కసారి మనసులో పడితే చాలా విషయాలు వాటంతటవే సర్దుకుంటాయి.

ఇలా చేసి చూడండి. ముందుగా ఒక గిన్నెడు కూర లేదా కీర, క్యారెట్ ముక్కలు తినండి. పప్పు ఎప్పటికన్నా రెట్టింపు వేసుకోండి. అన్నం ఒకేసారి కొలిచి కంచంలో పెట్టుకుని, అదే పప్పుకీ కూరకీ పంచుకోండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగు అన్నం లేకుండా గిన్నెలో తినండి. పెరుగన్నం లేనిదే భోజనం ముగిసినట్టుండదు అనేవాళ్లు, చివరి రెండు ముద్దల కోసం ముందే కాస్త అన్నం పక్కన పెట్టుకోవచ్చు. బంగాళాదుంప, చేమదుంప, కంద వేపుళ్లు కూర లెక్కలోకి రావు, అవి అన్నం లెక్కలోకే వస్తాయి. దొండ, బెండ, బీర, సొర, వంకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు, ఆకుకూరలు ఎంత తిన్నా మంచిదే.

బియ్యం మార్చదలచుకున్నవాళ్లకు మంచి దారి తెలంగాణ సోనా. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన సన్న రకం ఇది, సంచుల మీద ఆర్‌ఎన్‌ఆర్ 15048 అని కూడా రాస్తారు. ఇంట్లో మీకు వేరుగా వండే పని ఉండదు. అయితే రకం పేరు స్పష్టంగా ఉన్న, నమ్మకమైన చోటే కొనండి. వట్టి ‘షుగర్ ఫ్రీ బియ్యం’ అని రాసిన సంచిని నమ్మకండి. పిండిపదార్థం లేని బియ్యం ఉండదు.

వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండి అరగని రూపంలోకి మారుతుంది కాబట్టి ఇండెక్స్ కాస్త తగ్గుతుంది. లాభం చిన్నదే. గర్భిణులు మాత్రం అన్నాన్ని గంటలకొద్దీ బయట వదలకుండా, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు బాగా వేడి చేసుకోవాలి.

### చిరుధాన్యాలు

కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు పీచుతో ఉంటాయి, నమలాల్సి వస్తుంది, కొద్దిగా తిన్నా నిండుగా ఉంటుంది. ఇవి గింజగా వండుకుంటేనే మేలు. కొర్రల రవ్వ, కొర్రల పిండి, కొర్రల నూడుల్స్ అంటూ మెత్తగా మారేకొద్దీ లాభం కరుగుతుంది. కొన్ని గంటలు నానబెట్టి వండితే అరుగుదల బాగుంటుంది. ఇంతకుముందు తినని వాళ్లు మూడు పూటలా ఒకేసారి మొదలుపెట్టకండి. చివరి నెలల్లో కడుపు ఉబ్బరం అసలే ఎక్కువ. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు సజ్జలను రోజువారీ తిండిగా చేసుకోకుండా మార్చి మార్చి తినడం మంచిది.

రాగుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. గర్భిణికి అది విలువైనదే. కానీ మెత్తటి పిండిని నీళ్లలో బాగా ఉడికించి, పల్చగా చేసి, పొద్దున పరగడుపున గ్లాసులో తాగేస్తే షుగర్ గబగబా పెరుగుతుంది. నమిలే పని లేదు, తోడు ఏమీ లేదు, పైగా పూట పొద్దున. బెల్లం కూడా పడితే ఇక చెప్పక్కర్లేదు. రాగులు కావాలంటే మధ్యాహ్నానికి మార్చండి. ఆకుకూర పప్పుతోనో, కోడి పులుసుతోనో చిన్న ముద్ద సంకటి, లేదా ఉల్లిపాయ, మునగాకు వేసిన రాగి రొట్టె చాలామందికి సరిపడతాయి.

### రొట్టెలు

జొన్న రొట్టెకు, పుల్కాకు ఉన్న పెద్ద బలం లెక్క. రెండు తిన్నానా మూడు తిన్నానా అన్నది తెలుస్తుంది. అన్నంలో అది తెలియదు. తెలంగాణ, రాయలసీమ ఇళ్లలో జొన్న రొట్టె అలవాటే కాబట్టి రాత్రి పూటకు ఇది చక్కగా కుదురుతుంది. కోస్తాలో పుట్టి అన్నమే తిని పెరిగినవాళ్లు బలవంతంగా రెండు పూటలా రొట్టెలు తిని, ఆకలి తీరక పదింటికి బిస్కెట్లు తినడం కన్నా, మధ్యాహ్నం కొలిచిన అన్నం, రాత్రి రెండు మూడు పుల్కాలు అనుకోవడం నయం. గోధుమలు పట్టించుకుని తవుడు జల్లించకుండా వాడితే ఇంకా మంచిది.

## టిఫిన్: అన్నిటికన్నా కష్టమైన పూట

| టిఫిన్ | పొద్దునకు ఎలా ఉంటుంది | మెరుగుపరచాలంటే |
|---|---|---|
| పెసరట్టు | మంచి ఎంపిక | ఉప్మా లేకుండా, అల్లం పచ్చడిలో బెల్లం లేకుండా |
| ఇడ్లీ | రెండు వరకు | మినప్పప్పు పెంచి, ముక్కల సాంబారు ఎక్కువగా |
| దోశ | ఒకటి | పిండిలో పప్పులు పెంచి, బంగాళాదుంప కూర లేకుండా |
| బొంబాయి రవ్వ ఉప్మా | చాలామందికి పడదు | గోధుమ రవ్వ సగం, కూరముక్కలు సగం |
| ఓట్స్ | రకాన్ని బట్టి | పొడి ప్యాకెట్లు వద్దు, గుడ్డు లేదా పెరుగు తోడు |
| రాగి జావ | పొద్దున వద్దు | మధ్యాహ్నం సంకటిగా |
| అటుకుల ఉప్మా | జాగ్రత్త | దొడ్డు అటుకులు, పల్లీలు, చిన్న మోతాదు |

ఈ పట్టికలో నేను మొదట పెట్టేది పెసరట్టే. 30 గ్రాముల పెసలతో వేసిన అట్టులో పిండిపదార్థం 15 గ్రాముల దగ్గర, ప్రోటీన్ 7 గ్రాముల దగ్గర ఉంటుంది. రెండు అట్లతో కడుపు నిండుతుంది, మధ్యాహ్నం దాకా నీరసం రాదు. పిండిలో బియ్యం కలపకండి, పొట్టు తీయకండి. రోజూ పెసరట్టే విసుగు కాబట్టి శనగలు, అలసందలు, కందిపప్పు కలిపి రుబ్బిన అట్లు మధ్యమధ్యలో వేసుకోవచ్చు.

ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది కాబట్టి షుగర్‌కి మంచిదన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. నూనె లేకపోవడం వేరు, షుగర్ పెంచకపోవడం వేరు. ఇడ్లీలో ముప్పాతిక భాగం బియ్యపు రవ్వే, పైగా పులిసి మెత్తబడి త్వరగా అరుగుతుంది. రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు, గిన్నెడు సాంబారు అయితే సరే. నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ అయితే మీటర్ ఒప్పుకోదు. గుడ్డు తినని ఇళ్లలో పనీర్ ముక్కలో, పల్లీ పచ్చడో ఆ స్థానంలో పెట్టుకోవచ్చు.

ఓట్స్‌లో గింజను ఒత్తి చేసిన రకం ఇండెక్స్ 55 దగ్గర, నీళ్లు పోయగానే తయారయ్యే రకానిది 79 దగ్గర. పేరు ఒకటే, ఫలితం వేరు. మసాలా రుచులతో వచ్చే చిన్న ప్యాకెట్లు ఎక్కువగా రెండో రకానికి దగ్గర.

టిఫిన్‌తోపాటు పాలు, పండు కూడా తీసుకుంటే పొద్దున లెక్క తప్పుతుంది. వాటిని పదకొండింటికి జరపండి.

## చిన్న తిండి, పండ్లు, తీపి

గుప్పెడు పల్లీలు, ఉడికించిన శనగల గుగ్గిళ్లు, మజ్జిగ, గుడ్డు, ఒక జామకాయ. వీటిని దాటి వెతకాల్సిన పని లేదు. మొలకలు తినేవాళ్లు గర్భంలో పచ్చివి కాకుండా ఉడికించి తినాలి. మరమరాలు తేలిగ్గా ఉంటాయి కానీ షుగర్ త్వరగా పెంచుతాయి. ‘చక్కెర లేని’ బిస్కెట్‌లో మైదా ఉంటుంది, రస్కులోనూ అంతే.

పండ్లలో జామ, నేరేడు, ఆపిల్, బత్తాయి ముందు వరుసలో ఉంటాయి. సపోటా, సీతాఫలం, ద్రాక్ష, బాగా మగ్గిన అరటి వెనక వరుసలో. మామిడి కాలంలో అసలు ముట్టుకోకుండా ఉండమని నేను చెప్పను. భోజనం మీద కాకుండా సాయంత్రం విడిగా, నాలుగు ముక్కలు, కొన్ని పల్లీలతో తిని మీటర్ చూసుకోండి. జ్యూస్ మాత్రం ఏ పండుదైనా వద్దు. పీచు పోయి చక్కెర నీళ్లు మిగులుతాయి.

బెల్లం, తాటిబెల్లం, తేనె, చక్కెర ఈ విషయంలో ఒక్కటే. బెల్లంలో కాస్త ఐరన్ ఉండవచ్చు, ఐరన్ కోసం మీకు మాత్రలున్నాయి. టీ, కాఫీలు చక్కెర లేకుండా, ఐరన్ మాత్రకు దూరంగా తాగండి.

## మీ పరిస్థితిని బట్టి

ఉమ్మడి కుటుంబంలో ఉంటే వేరే వంట అడగడం కష్టం, మాట పడాల్సి రావచ్చు. అందరికీ వండిన దాన్లోనే మీ వడ్డన మార్చుకోవడం, వీలైతే ఇంటి బియ్యాన్ని తెలంగాణ సోనాకి మార్పించడం చాలు. ‘ఇద్దరికి తినాలి’ అనే పెద్దవాళ్లకు తిండి తగ్గించడం లేదని, పప్పు, గుడ్డు, కూర పెంచుతున్నానని చూపిస్తే అభ్యంతరం తగ్గుతుంది.

ఉద్యోగం చేస్తుంటే పుల్కాలే సులువు. ముందు రాత్రి నానబెట్టిన శనగలు పొద్దున ఉడికించి డబ్బాలో పెట్టుకుంటే సాయంత్రం క్యాంటీన్ సమోసా అవసరం ఉండదు. మీటింగుల మధ్య భోజనం ఆలస్యం కానివ్వకండి. ఆకలి మీద కూర్చుంటే కొలత గుర్తుండదు.

పరగడుపు షుగర్ మాత్రమే ఎక్కువ వస్తుంటే గింజ మార్చడం వల్ల పెద్దగా ఫలితం ఉండకపోవచ్చు. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి, పడుకునేముందు గుప్పెడు బాదం లేదా చిన్న గ్లాసు పాలు తీసుకుని చూడండి. రాత్రి భోజనం మానేయడం పరిష్కారం కాదు. అప్పటికీ దిగకపోతే అది మీ తప్పు కాదు, హార్మోన్ల పని. మందు కావాలి.

వాంతులు, అరుగుదల లేనివాళ్లు ముడి బియ్యం, కొర్రల జోలికి ఇప్పుడే వెళ్లకండి. మెత్తటి అన్నమే తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు, పెరుగుతో తినండి.

ఉపవాసాలు ఉండేవాళ్లు ఈ కొన్ని నెలలు వాటిని వాయిదా వేయండి. ఎక్కువసేపు తినకపోతే శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, గర్భంలో అది మంచిది కాదు.

ఇన్సులిన్ తీసుకుంటుంటే పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గించకండి, డాక్టర్‌తో చెప్పి మార్చండి. షుగర్ 70 కన్నా తగ్గి చెమటలు, వణుకు వస్తే అప్పుడు తక్కువ ఇండెక్స్ తిండి పనికిరాదు. మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, పావుగంటకు మళ్లీ చూడాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లు అంకెలు చూసి కంగారుపడకండి. ఇంగ్లండ్‌లో షుగర్ కొలమానం వేరు, అక్కడ పరగడుపున 5.3, గంటకు 7.8 అంటారు. వాటిని 18తో గుణిస్తే మన 95, 140 వస్తాయి. ఇండియన్ స్టోర్‌లో దొరికే బాస్మతి మామూలు సన్నబియ్యం కన్నా సాధారణంగా నయం, కొలత మాత్రం అదే. అక్కడి డైటీషియన్‌కి సాంబారు, పెసరట్టు తెలియకపోవచ్చు. ఏ పప్పు, ఎన్ని గ్రాములు అని చెబితే వాళ్లు లెక్క వేసివ్వగలరు.

## రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే

మీటర్‌తో తేల్చండి. ఉదాహరణకు తెలంగాణ సోనానా, కొర్రలా అన్నది ప్రశ్న అయితే, ఒకరోజు మధ్యాహ్నం 50 గ్రాముల బియ్యం అన్నం, ఇంకోరోజు అదే సమయానికి 60 గ్రాముల కొర్రలు వండుకోండి. పప్పు, కూర, పెరుగు రెండు రోజులూ ఒకేలా ఉండాలి. తిన్నాక నడిచే అలవాటుంటే రెండు రోజులూ నడవండి, లేదంటే రెండు రోజులూ మానండి. మొదటి ముద్ద నుంచి సమయం లెక్కపెట్టి రెండు గంటలకు చూడండి. చేతులు కడుక్కోకుండా పండు పట్టుకున్న వేలితో చూస్తే తప్పు అంకె వస్తుంది. ఒక్కసారితో నిర్ణయించకండి, నిద్ర పట్టని రాత్రి మర్నాడు ఏం తిన్నా ఎక్కువే రావచ్చు. రెండేసి సార్లు చూశాక తేడా నాలుగైదు పాయింట్లే ఉంటే మీకు ఏది రుచిస్తే అది తినండి. 20, 30 తేడా ఉంటే జవాబు దొరికినట్టే.

స్ట్రిప్పుల ఖర్చు భారమైతే రోజుకో పూట చొప్పున మార్చి మార్చి చూడటానికి వీలుంటుందేమో డాక్టర్‌ని అడగండి. ప్రతి భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవడం ఏ బియ్యం మార్పుకూ తీసిపోదు. నడవవద్దని డాక్టర్ చెప్పినవాళ్లు తప్ప అందరూ చేయవచ్చు.

మన ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఆహారం, నడకతో రెండు వారాలు చూసి, తిన్న రెండు గంటలకు షుగర్ 120 లోపు రాకపోతే మందు మొదలుపెట్టాలని ఉంది. ఆ రెండు వారాలు నిజాయతీగా ప్రయత్నించండి, రాసి పెట్టుకోండి, ఆ పుస్తకం డాక్టర్‌కి చూపించండి. మెట్‌ఫార్మినో, ఇన్సులినో రాస్తే తిండి విషయంలో ఓడిపోయామని బాధపడకుండా వేసుకోండి, కొలత కూడా కొనసాగించండి. కాన్పు అయిన ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్‌తో టెస్టు మళ్లీ చేయించుకోవాలి. బిడ్డ పనుల్లో చాలామంది దీన్ని మరిచిపోతారు, కాబట్టి బిడ్డకు ఆరు వారాల టీకా వేయించే రోజుకే ఆ టెస్టు కూడా రాసి పెట్టుకోండి.